32 అడుగుల బావి, ఏడు రోజుల పని

మా పెరట్లో బావి ఉందని ఇల్లు కొన్న రోజే తెలుసు. దాని నోటికి అడ్డంగా కడప బండలు పరిచి, సందుల్లో సిమెంటు పూసేశారు. పన్నెండేళ్ళు ఆ బండల మీదే బట్టలు ఉతుక్కున్నాం, వడియాలు ఎండబెట్టుకున్నాం. కింద ఏముందో చూడాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మాది హిందూపురం. బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్ళయింది. హొరమావు దగ్గర ఇల్లు. ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను. 2024 మార్చిలో మా బోరు ఆగిపోయింది. 780 అడుగుల బోరు. రెండు రోజులు బురద కక్కి, మూడో రోజు గాలి తప్ప ఏమీ రాలేదు. కావేరి పైపు మా వీధికి అప్పటికింకా రాలేదు. ఆ నెలలోనే జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు ధర కట్టింది. ఐదు కిలోమీటర్ల లోపయితే 12,000 లీటర్లకు 1,000 రూపాయలు. ఆ ధరకు మాకు ఒక్క ట్యాంకరు కూడా దొరకలేదు. రాత్రి పదకొండుకు వచ్చే ట్యాంకరు కోసం మెలకువగా ఉండి, తెల్లారి స్కూలుకు పోయేదాన్ని. ఏప్రిల్ అంతా మా వీధిలో ఒక్క చినుకు పడలేదు.

ఆ రోజుల్లోనే ఒకనాడు మా అత్తయ్య బండ మీద కూర్చుని, "ఏమే, నీళ్ళు నీళ్ళు అని ఏడుస్తాండాం. నేను కూర్చున్నది దేనిమీద?" అంది. పని అక్కడ మొదలైంది.

బావి పని ఎవరు చేస్తారని వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడిగితే, "మన్ను వడ్డర్లను పిలవండి, వాళ్ళు తప్ప వేరేవాళ్ళను దించొద్దు" అన్నాడు. మన దగ్గర వడ్డెరలు అంటాం. కర్ణాటకలో భోవి అని కూడా అంటారు. చెరువు కట్టలు, బావులు తవ్వడం వాళ్ళ తాతల నాటి పని. తరాలుగా ఇక్కడే ఉన్నా ఇంట్లో తెలుగే. బెంగళూరుకు పది లక్షల బావులు కావాలని, నీటి సంరక్షణ మీద పనిచేసే బయోమ్ ట్రస్టు వాళ్ళు ఒక ప్రచారం నడుపుతున్నారు. అందులో నేలలో చెయ్యి పెట్టేది వీళ్ళే. కబ్బన్ పార్కులో పాత బావుల పూడిక తీసి మళ్ళీ నీళ్ళు కళ్ళజూసింది కూడా వీళ్ళ చేతులే. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి మాత్రం నాకు కావలసింది నలుగురు కూలీలు, అంతే. అలాగే అనుకున్నాను.

వచ్చిన పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. వెంట కొడుకు, అల్లుడు, ఇంకొక కుర్రాడు. పెద్దాయన బావి దగ్గరికి రాలేదు. గేటు దగ్గరే నిలబడి, "మోరీ యాడుండాదమ్మా?" అని అడిగాడు. మురుగు కాలువ చూపించాను. అక్కణ్ణుంచి బావి దాకా అడుగులు కొలిచాడు. పాయఖానా గుంత ఎక్కడుందో అడిగి, అదీ కొలిచాడు. ప్రహరీ గోడలో మొలిచిన రావి చెట్టు వైపు చాలాసేపు చూశాడు. అది మా కంటికి మొక్కే, నడుము ఎత్తు కూడా లేదు. చివరికి బావి దగ్గరికి వచ్చి, బండల మీద గడ్డపారతో నాలుగు మూలలా తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"పైన మొక్క. లోపల చెట్టు" అన్నాడు.

42,000 అడిగాడు. మా ఆయన బేరమాడి నాలుగు వేలు తగ్గించాడు. నేనూ పక్కనే ఉన్నాను, వద్దనలేదు.

మొదటిరోజు గంగమ్మకు పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బండలు ఎత్తారు. లోపలి నుంచి వచ్చిన వాసన ఇప్పటికీ చెప్పలేను. తడి ఆకులు, పాత గోనెసంచి, ఇనుము కలిసిన చల్లని వాసన. ఆరడుగుల వెడల్పు బావి, చుట్టూ రాతికట్టు. సిమెంటు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చిన కట్టు. పద్దెనిమిది అడుగుల కింద నల్లటి నీళ్ళు. తూర్పు వైపు గోడ నిండా రావి వేళ్ళు, నా మణికట్టంత లావున్నవి, రాళ్ళ సందుల్లోంచి వచ్చి నీళ్ళలోకి జడల్లా దిగి ఉన్నాయి.

బండలు ఎత్తగానే వాళ్ళు సామాను సర్దుకుని బయల్దేరారు. "రెండు దినాలు తెరిచి పెట్టండమ్మా. పిల్లలు దగ్గరికి పోకుండా కంప అడ్డం పెట్టినాం. బావి ఊపిరి తీసుకోవాల" అన్నాడు పెద్దాయన. పని వాయిదా వేయడానికి చెప్పే మాట అనుకున్నాను. మా ఆయనైతే ఇంకొకరిని పిలుద్దామా అన్నాడు.

మూడో రోజు వచ్చారు. ఏడు రోజుల పని లెక్క అక్కణ్ణుంచే. మా అంచనా ఏంటంటే మోటారు పెట్టి నీళ్ళన్నీ ఒక పూటలో తోడేస్తారు, మధ్యాహ్నానికి పూడిక మొదలవుతుంది. నీళ్ళు అయిదు అడుగులే. పెద్దాయన రెండడుగులు తోడించి మోటారు ఆపేశాడు.

"ఇంకా కరెంటు ఉంది కదా, కానీయండి" అన్నాడు మా ఆయన.

"కరెంటు గురించి కాదు సార్. ఈ గోడ వెనక మన్ను నీళ్ళు తాగి బరువుగా ఉండాది. అది గోడను లోపలికి తోస్తాది. లోపలుండే నీళ్ళు దాన్ని ఎదురు తోస్తా నిలబెట్టినాయి. ఈ నీళ్ళు ఒకేసారి లాగేస్తే గోడకు దన్ను పోతాది. వెనక మన్ను నిదానంగా ఆరాల. రోజుకు రెండడుగులు, అంతే."

ఈ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ద్రవ పీడనం పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. లోతు పెరిగే కొద్దీ పీడనం పెరుగుతుందని బోర్డు మీద బాణాలు గీస్తాను. ఆ బాణాలు ఒక గోడను నిలబెడుతున్నాయని, వాటిని తుడిచేస్తే గోడ మనిషి మీద కూలుతుందని నాకు తట్టలేదు. చదువు లేని ఆ పెద్దాయనకు తట్టింది. తట్టడం కాదు, ఆయన ఆ గోడ ముందు నిలబడి బతికిన మనిషి.

నీళ్ళు తగ్గే ఆ రెండున్నర రోజులూ వేళ్ళ పని చేశారు. వేళ్ళను లాగేస్తారనుకున్నాను. ఒక్కటీ లాగలేదు. రంపంతో జానెడు జానెడు ముక్కలుగా కోసి, గోడకు సమంగా వచ్చేసరికి ఆపేశారు. రాళ్ళ మధ్య ఉన్న వేరును అలాగే వదిలేశారు. "పదేండ్లుగా ఆ వేరే రాయిని పక్కకు తోసింది, ఇప్పుడు అదే రాయిని పట్టుకోనుండాది. పెరికితే రాయి వస్తాది, రాయి వస్తే గోడ వస్తాది." పైన ప్రహరీలో ఉన్న మొక్కను మాత్రం మొదలుకంటా నరికి, కోసిన చోట మందు పూశారు. వేళ్ళు చచ్చాక కుళ్ళిపోయే లోపు సందుల్లో చిన్న రాళ్ళు కొట్టి బిగించాలని చెప్పాడు. కొన్ని వెంటనే బిగించారు, కొన్ని రెండు నెలల తర్వాత వచ్చి బిగించి వెళ్ళారు.

దిగే మనిషి కొడుకు. ముప్ఫై ఏళ్ళుంటాయి, సన్నగా, పొట్టిగా ఉంటాడు. రాతికట్టులో అడుగడుక్కీ బయటికి పొడుచుకొచ్చిన మెట్టు రాళ్ళుంటాయి. వాటి మీద కాళ్ళు పెట్టి కోతిలా దిగిపోగలడు. అయినా నడుముకు, భుజాలకు పట్టీ కట్టి, దానికి మోకు కట్టి, మోకు గిలక మీదుగా పైన ఇద్దరి చేతుల్లో ఉంటే తప్ప పెద్దాయన దిగనివ్వడు. తాడు ఒకసారి గుంజితే తట్ట ఎత్తాలి. రెండుసార్లు గుంజితే ఆపాలి. ఆగకుండా గుంజుతుంటే, లేదా పిలిస్తే పలక్కపోతే, ఏం అడక్కుండా మనిషిని పైకి లాగేయాలి. అరుపులు ఎందుకు పనికిరావంటే బావిలో మాట గుండ్రంగా తిరిగి, ఏం చెప్పారో తెలియకుండా పోతుంది.

మోకు పట్టుకున్న అల్లుడు ఆ ఏడు రోజుల్లో పనిలో ఉండగా ఫోను ముట్టుకోవడం నేను చూడలేదు. టీ ఇస్తే కుర్రాడు తాడు అందుకున్నాకే గ్లాసు పట్టుకునేవాడు.

పూడిక మొదలైన రోజు నా వల్ల ఒక తప్పు జరిగింది. రాయకుండా దాటేయాలని అనిపించింది కానీ, రాయాలి. టీ పళ్ళెం పట్టుకుని బావి అంచు దాకా వెళ్ళాను. బండలు పీకినప్పుడు విరిగిన సిమెంటు పెచ్చు ఒకటి నా చెప్పు కింద జారింది. కోడిగుడ్డంత ఉంటుంది. "రాయ్!" అని అల్లుడు అరిచాడు. నేను కిందికి చూశాను. కొడుకు పైకి చూడలేదు. చూడకూడదట. అరుపు వినగానే తల వంచి గోడకు బల్లిలా అతుక్కుపోయాడు. పెచ్చు అతని వీపు పక్క నుంచి పోయి ఇనప తట్టలో పడింది. ఆ శబ్దం నాకు చాలా రోజులు నిద్రలో వినిపించింది.

ఆ రాత్రి లెక్క వేశాను. ముప్ఫై అడుగుల నుంచి పడే రాయి కిందికి చేరడానికి సెకనున్నర కూడా పట్టదు. చేరేటప్పటికి వేగం గంటకు 48 కిలోమీటర్లు. అరవడానికి, వినడానికి, గోడకు చేరడానికి ఉన్న సమయం ఆ సెకనున్నరే.

పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇంట్లోంచి ముగ్గుపిండి అడిగి తెచ్చుకుని, అంచుకు అయిదు అడుగుల దూరంలో చుట్టూ గీత గీశాడు. ఆ గీత లోపల చీపురుతో తానే ఊడ్చాడు. ఆ తర్వాత ప్రతి గంటకూ ఊడ్చేవాడు. జేబులో పెన్ను ఉన్నా, చేతికి గడియారం ఉన్నా గీత దాటనిచ్చేవాడు కాదు. సాయంత్రం కొడుకు పైకి వచ్చాక క్షమించమని అడిగాను. "ఏం కాలేదులేక్కా" అని నవ్వాడు. అతని ఫోను మీద చిన్న పాప ఫోటో ఉంది.

పాము విషయం త్వరగా చెప్పేస్తాను, మా వీధిలో అందరూ దాన్నే కథగా చెప్పుకుంటున్నా. నాలుగో రోజు ఇరవై నాలుగు అడుగుల దగ్గర రాళ్ళ సందులోంచి నీరుకట్టె ఒకటి తల బయటపెట్టింది. విషం లేనిదే, కానీ కరుస్తుంది, ఉలిక్కిపడిన మనిషి కాలు జారితే అదే చాలు. కొడుకు తాడు రెండుసార్లు గుంజి, నిదానంగా పైకి వచ్చేశాడు. ఒక వెదురు బొంగు వాలుగా దించి, అందరూ భోజనానికి కూర్చున్నారు. గంటన్నర తర్వాత చూస్తే పాము బొంగు చుట్టుకుని పైదాకా వచ్చి, మందార చెట్టు కిందికి పోయింది. మా ఆయన చంపుదామని కర్ర తీస్తే పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. "దాని ఇంట్లోకి మనం పోయినాం సార్" అన్నాడు.

నేను అసలు రాయాలని కూర్చున్నది అయిదో రోజు గురించి.

నాలుగో రోజు రాత్రి వాన పడింది. ఎన్ని నెలల తర్వాతో మొదటి వాన. వీధిలో పిల్లలు తడిశారు, మా అత్తయ్య మిద్దె మీదికి వెళ్ళి నిలబడింది. తెల్లారి మబ్బు కమ్మి ఉంది, ఆకు కదల్లేదు. వాళ్ళు మామూలుగా ఎనిమిదికి వచ్చారు. కొడుకు పట్టీ కట్టుకుని అంచు మీద కూర్చున్నాడు, ఒక కాలు అప్పటికే మెట్టు రాయి మీద ఉంది.

రోజూ దిగేముందు, భోజనం తర్వాత మళ్ళీ దిగేముందు, పెద్దాయన ఒక పని చేసేవాడు. పాలపొడి డబ్బాకు చిల్లులు పొడిచి, అందులో కొవ్వొత్తి వెలిగించి, అడుగుకొక ముడి వేసిన సన్నతాడుతో కింద దాకా దించేవాడు. నాలుగు రోజులూ అది నిక్షేపంగా వెలిగింది. నిన్న సాయంత్రం అయిదింటి దాకా అదే బావిలో మనిషి పనిచేశాడు. ఇవాళ మళ్ళీ చూడడం ఎందుకని నాకే అనిపించింది.

"ఆగరా" అని డబ్బా దించాడు.

పది ముళ్ళ దాకా మంట నిటారుగా ఉంది. పదహారు దగ్గర కుంచించుకుపోయి మసకబారింది. ఇరవయ్యో ముడి దగ్గర ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. పైకి లాగి, వెలిగించి, మళ్ళీ దించాడు. మళ్ళీ ఇరవై దగ్గరే ఆరింది. మూడోసారి అక్కడే. నీళ్ళు ఒక మట్టానికి నిలబడినట్టు, కంటికి కనపడని ఇంకేదో ఇరవై అడుగుల దగ్గర నిలబడి ఉంది. కొడుకు మెట్టు మీద పెట్టిన కాలు తీసి, అంచుకు దూరంగా వచ్చి కూర్చున్నాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

ఏడో తరగతి పిల్లల ముందు నేను ఏటా కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లిస్తాను. మంట ఆరుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. మంటకు ఆక్సిజన్ కావాలని రాసుకోమంటాను. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. దాదాపు 16 శాతానికి తగ్గితే కొవ్వొత్తి ఆరిపోతుంది. అప్పటికి మనిషి ఇంకా నిలబడే ఉంటాడు, కానీ ఆలోచన మందగిస్తుంది, చేతులు మాట వినవు. 10 శాతం లోపుకు పోతే స్పృహ తప్పుతుంది, అదీ ముందుగా ఏ హెచ్చరికా లేకుండా. ఊపిరి ఆడనట్టు గింజుకోవడం కూడా ఉండకపోవచ్చు. పాతబావిలో కుళ్ళే ఆకులు ఆక్సిజన్ తినేస్తాయి, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అది గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, అడుగున కూర్చుంటుంది.

మరి నిన్న లేనిది ఇవాళ ఎందుకు వచ్చింది? పెద్దాయన చెప్పింది ఇంతే: "మబ్బు పట్టిన దినం మన్ను గాలి వదుల్తాది." నేను రాత్రి కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. వాన మబ్బు వచ్చినప్పుడు వాతావరణ పీడనం తగ్గుతుంది. నేల రంధ్రాల్లో ఉన్న గాలి, అంటే ఆక్సిజన్ తక్కువా కార్బన్ డయాక్సైడ్ ఎక్కువా ఉన్న గాలి, ఆ తగ్గుదలకు బయటికి వస్తుంది. మట్టి గోడల మధ్య ఉన్న బావిలోకే అది దారి తీసుకుంటుంది. పైన గాలి వీచకపోతే అక్కడే ఉండిపోతుంది. ఆయన మాట అక్షరాలా నిజం. మన్ను గాలి వదులుతుంది.

ఆ ఉదయం వాళ్ళు చేసిన పని చూడడానికి పనిలా కనిపించదు. బ్లోయరుకు పొడవాటి గుడ్డ గొట్టం తగిలించి అడుగు దాకా దించారు. వేప కొమ్మలు కట్టకట్టి, తాడుతో దించుతూ ఎత్తుతూ ఉన్నారు. మధ్యమధ్యలో బకెట్లతో నీళ్ళు జల్లుగా పోశారు. గంట తర్వాత దీపం ఇరవై ఆరు దాకా పోయి ఆరింది. పెద్దాయన గొట్టం సరిచేసి మళ్ళీ కూర్చున్నాడు. పదకొండు, పన్నెండు. భోజనాలయ్యాయి. రెండున్నరకు దీపం అడుగుకు చేరింది. కొడుకును వెంటనే దింపలేదు, గడియారం చూసి పదిహేను నిమిషాలు వెలగనిచ్చాడు. ఆ తర్వాత బ్లోయరు నడుస్తుండగానే కొడుకు దిగాడు. ఆ రోజు వచ్చింది నలభై తట్టలు. అంతకు ముందు రోజు నూటయాభై పైనే.

వేచి ఉన్న ఆ గంటల్లో ఆయన తన అన్న గురించి చెప్పాడు. నేనడగలేదు. కోలారు వైపు ఒక తోట బావిలో డీజిల్ ఇంజనును లోపలి గట్టు మీద పెట్టి నీళ్ళు తోడుతున్నారట. ఇంజను ఆపి అన్న దిగాడు. పడిపోయాడు. తోట మనిషి ఒకాయన తాడు లేకుండా అన్న కోసం దిగాడు. ఇద్దరినీ సాయంత్రం తీశారు. "అప్పుడు నాకు పదహారేండ్లు. నేను పైన ఉన్నా. నేనూ దిగబోతే మా నాయన నన్ను చెట్టుకు కట్టేసినాడు" అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా ఆయన కళ్ళు బావి మీదే ఉన్నాయి.

ఇంజను పొగలో ఉండేది కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు, రంగు లేదు, దీపాన్నీ ఆర్పదు. మోరీ నీళ్ళు చేరిన బావిలో కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చు. అది ఎక్కువైతే ముక్కే మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది. మీథేన్ ఉంటే దించిన దీపమే నిప్పు అంటిస్తుంది. అందుకే మొదటిరోజు ఆయన గేటు దగ్గర నిలబడి మోరీ ఎక్కడ, గుంత ఎక్కడ అని అడుగులు కొలిచింది. మురుగు దగ్గరైతే ఆయన ఈ పని ఒప్పుకునేవాడే కాదట. ప్రతి ఎండాకాలం పేపర్లో చూస్తుంటాం, బావిలో దిగి ఒకరు, కాపాడబోయి ఇంకొకరు అని. వాళ్ళకు తెలియక కాదు, పైన నిలబడి "త్వరగా కానీయండి" అనే మనలాంటి వాళ్ళు ఉండబట్టి కూడా అలా జరుగుతుందని నాకు ఆ రోజు అనిపించింది. మోటారు విషయంలో, తెరిచి పెట్టిన రెండు రోజుల విషయంలో, మేమూ అదే అన్నాం.

ఆ సాయంత్రం మా ఆయన నేను చెప్పకుండానే తగ్గించిన నాలుగు వేలూ తీసి కవర్లో పెట్టాడు.

ఆరో రోజుకు వందల తట్టలు లెక్క తేలాయి. తొమ్మిది అడుగుల పూడిక. నల్ల ఒండ్రు, ఇటుక ముక్కలు, ఒక స్టీలు చెంబు, రెండు చేదలు, విరిగిన గిలక. చెంబు మీద కన్నడలో ఏదో పేరు చెక్కి ఉంది, చదవలేకపోయాం. ఏడో రోజు పార అడుగున గరగరమంది. పెద్దాయన అంచున మోకాళ్ళ మీద కూర్చుని ఆ శబ్దాన్ని విన్నాడు. "బండ తగిలింది. ఇంక తవ్వొద్దు" అని కిందికి చెప్పాడు. కాసేపటికి కొడుకు తాడు గుంజకుండా, "నాయనా, వస్తాండాది!" అని అరిచాడు. పడమటి వైపు, చిటికెన వేలంత ఊట.

అది చూడాలని నాకు చాలా కోరికగా అనిపించింది. దీపం వెలుగుతోంది, పట్టీ ఉంది, తాడు పట్టేవాళ్ళున్నారు. ఒక్కసారి దిగుతానని అడిగాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"లోపల పని లేని మనిషి లోపల ఉండకూడదమ్మా."

దాని మీద ఇంక బతిమాలలేదు. ఆయన కిందికి ఏదో చెబితే, తర్వాతి తట్టలో మట్టి లేకుండా ఒకే ఒక రాయి వచ్చింది. అరచేయంత, తడిగా, తెలుపూ నలుపూ చారలు. వేళ్ళతో నలిపితే అంచులు ఇసకలా రాలాయి. లాల్‌బాగ్‌లో పిల్లలను తీసుకెళ్ళి చూపించే గుట్ట ఈ జాతి రాయే, దాదాపు మూడు వందల కోట్ల ఏళ్ళ నాటిది. అక్కడ గట్టి బండ. ఇక్కడ నీళ్ళలో నాని మెత్తబడింది, ఆ మెత్తదనంలోంచే ఊట వస్తుంది. ఆ రాయి ఇప్పుడు మా క్లాసు కిటికీలో ఉంది.

తర్వాత పనులు మామూలివే. గోడ కడిగారు, బ్లీచింగ్ పొడి చల్లారు, నోటికి ఇనప జాలీ పెట్టి తాళం వేశాం. మిద్దె మీది పైపులను కంకర, ఇసక నింపిన తొట్టి గుండా బావిలోకి తిప్పాం. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా మిద్దె 1,300 చదరపు అడుగులు. లక్ష లీటర్ల పైమాటే. పన్నెండేళ్ళు ఆ నీళ్ళను మోరీలోకి వదిలాం. బావి నీళ్ళను తాగడానికి వాడం, మిగతా అన్నిటికీ అవే.

పెద్దాయనకు డబ్బుతో పాటు ఒక మీటరు కొనిచ్చాను. ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే వాయువులు నాలుగూ చూపిస్తుంది, ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే అరుస్తుంది. కొడుకుకు వాడడం నేర్పించాను. ఈ పని చేసే ప్రతి జట్టు దగ్గరా ఇది ఉండాలి, పని చేయించుకునేవాళ్ళే దానికి డబ్బు పెట్టాలి. పెద్దాయన దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "డబ్బా పక్కనే కడతాను" అన్నాడు. వేళ్ళ సందులు బిగించడానికి జూలైలో వచ్చినప్పుడు చూశాను, ఒకే తాడుతో రెండూ దించాడు. ముందు మీటరు ఒక్కటే దించి చూసి, తర్వాత దీపం.

ముళ్ళ తాడు ఒకటి నా దగ్గర వదిలి వెళ్ళారు. మా బావిలో ఒక్కో అడుగు నీరు దాదాపు 800 లీటర్లు. ప్రతి ఆదివారం దించి, ఎన్ని ముళ్ళు తడిశాయో గోడ మీద రాస్తున్నాను. జూన్‌లో అయిదు. ఆగస్టులో తొమ్మిది. అక్టోబరులో వానలు ఆగకుండా కురిసి, హొరమావు వైపు లేఅవుట్లలో వీధులు మునిగిన వారం, పద్నాలుగు. ఆ సంతోషం ఆపుకోలేక పెద్దాయనకు ఫోను చేశాను.

"పద్నాలుగా" అన్నాడు. కాసేపు ఆగి, "తూర్పు గోడ చూసినావా అమ్మా? మనం వేరు కోసిన కాడ, రాళ్ళు?" అని అడిగాడు.

ఫోను పక్కన పెట్టి, జాలీ మీద వంగి, టార్చి వేసి చూశాను. ఒక్క రాయీ కదల్లేదు. అదే చెప్పాను.